కోణము తెలిసిన దూరము తెలియును
(సమద్విబాహు త్రిభుజము - దాని ఉపయోగములు)

కర్నూలు జిల్లాలోని ఆలూరు ప్రాంతము చాలవరకు చదునైన నల్లరేగడి నేల. ప్రత్తి, జొన్న, వేరుసెనగ పండు ఆ చేల నడుమ అక్కడక్కడ రాతిగుట్టలు లేచి యుండును. చెట్లు తక్కువ గనుక బాటపై నిలుచున్నవానికి దూరపు గుట్ట కూడ స్పష్టముగా కనబడును. కాని అది ఎంత దూరమున నున్నదో కంటితో చూచి చెప్పుట కష్టము. దగ్గరనే యున్నదనుకొని బయలుదేరినవాడు గంటసేపు నడిచినను గుట్ట చేరకపోవచ్చును. గొలుసు పట్టి నేరుగా కొలుతమన్న, నడుమ పైరుండును, వంక యుండును. వాన పడినచో రేగడిలో కాలు దిగబడును.

అయినను చేనిలో ఒక్క అడుగైన పెట్టక, బాటపైననే నడచుచు ఆ గుట్టకు గల దూరమును చెప్పుటకు ఉపాయము కలదు. దానికి కావలసిన పరికరము జామెట్రీ పెట్టెలోని మూలమట్టము. కావలసిన విద్య ఉన్నత పాఠశాలలో నేర్పు రెండు సిద్ధాంతములు. పరీక్షలో వచ్చు త్రిభుజపు లెక్కలను విడదీయు తాళపుచెవియు ఆ రెండు సిద్ధాంతములే.

రెండు సిద్ధాంతములు

మొదటిది అందరు ఎరిగినదే. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలు. ఒక భుజమును పొడిగించినచో వెలుపల ఏర్పడు బాహ్యకోణము, దూరముగా నున్న రెండు అంతరకోణముల మొత్తమునకు సమానమను విషయము దీనినుండియే వచ్చును.

రెండవది సమద్విబాహు త్రిభుజమును గూర్చినది. ఒక త్రిభుజములో రెండు భుజములు సమానమైనచో, వాని కెదురుగా నున్న కోణములును సమానము. దీని విపర్యయము కూడ నిజమే: రెండు కోణములు సమానమైనచో, వాని కెదురుగా నున్న భుజములు సమానము. దీనిని ఋజువు చేయుట సులభము. అబక త్రిభుజములో బ, క వద్ద కోణములు సమానమనుకొని, అ వద్ద కోణమును రెండు సమభాగములు చేయు రేఖను గీయవలెను. అప్పుడేర్పడు రెండు చిన్న త్రిభుజములలో రెండేసి కోణములు సమానము. గీసిన రేఖ రెండింటికి ఉమ్మడి భుజము. కావున అవి సర్వసమానములు; అబ = అక.

ఈ విషయములను క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడ్ తన గ్రంథపు మొదటి భాగములోనే 5, 6, 32 సంఖ్యలుగల ప్రతిపాదనలుగా ఉంచెను. ఐరోపా పాఠశాలలలో వీనిలో ఐదవదానికి "గాడిదల వంతెన" అను వేడుక పేరు కలదు. అక్కడ ఆగిపోయినవాడు ముందు పాఠములకు పోజాలడని దాని భావముగా చెప్పుదురు.

సిద్ధాంతమునకు, దాని విపర్యయమునకు గల భేదమును విద్యార్థులు ముఖ్యముగా గ్రహింపవలెను. సిద్ధాంతము పొడవునుండి కోణమునకు తీసికొనిపోవును; విపర్యయము కోణమునుండి పొడవునకు తీసికొనిపోవును. పొడవును కొలువవలెనన్న ఒక కొననుండి మరియొక కొన వరకు పోవలసి యుండును. కోణమును కొలుచుటకు నిలుచున్నచోటినుండి చూచిన చాలును. కావుననే పోలేని చోటి దూరమును చెప్పు శక్తి విపర్యయమునకు కలిగినది.

బాటపై ప్రయోగము

దీనికి తిన్నగా పోవు బాట యొకటి కావలెను. గుట్టమీద స్పష్టముగా కనబడు బండనో, చెట్టునో గురిగా పెట్టుకొనవలెను. దానిని గ అందము. జామెట్రీ పెట్టెలోని రెండు మూలమట్టములలో ఒకదాని కోణములు 30, 60, 90 డిగ్రీలు. దానిని అట్టపై సమతలముగా పట్టుకొని, 30 డిగ్రీల మూల కంటివైపు ఉండునట్లును, ఆ మూలను కలిసిన రెండంచులలో ఒకటి బాట వెంట నుండునట్లును చేసి, రెండవ అంచు వెంట చూడవలెను. బాటపై ముందుకు నడచుచు ఇట్లు చూచిన, ఏదో యొకచోట గురి సరిగా ఆ అంచున కనబడును. ఆ చోట ఒక రాయి పెట్టవలెను, అది ప.

అక్కడినుండి అడుగులు లెక్కించుచు బాట వెంట ముందుకు సాగవలెను. గుట్ట క్రమముగా ప్రక్కకు జరుగుచున్నట్లు కనబడును, కోణము పెరుగును. ఈ సారి మూలమట్టపు 60 డిగ్రీల మూలను కంటివైపు త్రిప్పి చూడవలెను. గురి 60 డిగ్రీలలో కనబడిన చోట రెండవ రాయి పెట్టవలెను, అది ర.

ఇప్పుడు పరగ త్రిభుజమును పరిశీలింపవలెను. ప వద్ద కోణము 30 డిగ్రీలు. ర వద్ద చూచిన 60 డిగ్రీల కోణము ఈ త్రిభుజమునకు బాహ్యకోణము; అది ప, గ వద్ద నున్న కోణముల మొత్తమునకు సమానము. కావున గుట్టమీది గ వద్ద కోణము 60 - 30 = 30 డిగ్రీలు. ప, గ వద్ద కోణములు సమానమైనవి గనుక వాని కెదురుగా నున్న భుజములు సమానము; రప = రగ. అనగా రెండు రాళ్ల నడుమ నడచిన దూరమెంతో, రెండవ రాయినుండి గుట్టకు గల దూరము అంతే. నడచినది 800 మీటర్లయినచో గురి 800 మీటర్ల దూరమున నున్నది. గ వద్ద కోణమును కొలుచుటకు ఎవరును గుట్ట ఎక్కలేదు.

ఫలితము సరియైనదో కాదో బాటపైననే పరీక్షింపవచ్చును. ర నుండి మరి 800 మీటర్ల దూరమున వ అను బిందువును ఊహింపవలెను. రగ = రవ; నడిమి కోణము 60 డిగ్రీలు. మిగిలిన రెండు కోణములు సమానములై, వాని మొత్తము 120 డిగ్రీలగుటచేత ఒక్కొక్కటి 60 డిగ్రీలు. కావున రగవ సమబాహు త్రిభుజము. అందులో గ నుండి రవ మధ్యబిందువునకు గీసిన రేఖ ఆ భుజమునకు లంబముగా నుండును. అందుచేత ర నుండి 400 మీటర్లు నడచిన తరువాత గుట్ట సరిగా బాటకు లంబముగా, 90 డిగ్రీలలో కనబడవలెను. అట్లు కనబడనిచో ఎక్కడనో పొరపాటు జరిగినదని అర్థము.

సముద్రముపై నావికులకు ఈ పద్ధతి చిరకాలముగా తెలిసినదే. తీరముననున్న దీపస్తంభము ఓడ సాగు దిశతో ఏదో యొక కోణములో కనబడినప్పుడు కాలము గుర్తించి, ఆ కోణము రెట్టింపగు వరకు ఓడ నడచిన దూరమును లెక్కింతురు. ఆ దూరమే అప్పుడు ఓడకు, దీపస్తంభమునకు గల దూరము.

ఏ కోణమును తీసికొనవలెను?

సిద్ధాంతము ప్రకారము ఏ కోణమును రెట్టింపు చేసినను ఫలితము వచ్చును. 10 డిగ్రీలు 20 అయినను చాలును. కాని ఆచరణలో తేడా కలదు. రెండవ చూపులో ఒక డిగ్రీ పొరపాటు జరిగినదనుకొందము. 10 నుండి 20 డిగ్రీలకు పోయినప్పుడు ఆ చిన్న పొరపాటు దూరములో సుమారు 9 శాతము తప్పును తెచ్చును. 30 నుండి 60 డిగ్రీలకు పోయినప్పుడు అదే పొరపాటు 3 శాతము మాత్రమే తెచ్చును. 45 నుండి 90 డిగ్రీలకు పోయినప్పుడు 2 శాతముకంటె తక్కువ. కారణము స్పష్టమే. గుట్ట వద్ద నున్న కోణము మరీ సన్ననిదైనచో, దానిలో ఒక డిగ్రీ పెద్ద వంతగును. సర్వే చేయువారు తమ త్రిభుజములు వీలైనంతవరకు సమబాహు త్రిభుజమునకు దగ్గరగా నుండునట్లు చూచుకొనుట కూడ ఇందుకే.

ఎండలో ప్రయోగము

దూరమునే కాక ఎత్తును కూడ ఇట్లే తెలిసికొనవచ్చును. మీటరు పొడవుగల కఱ్ఱను నిట్టనిలువుగా నిలిపి దాని నీడను కనిపెట్టి యుండవలెను. నీడ సరిగా ఒక మీటరు అయిన క్షణమున, బడిలోని జెండా కంబపు నీడ కొనవద్ద గుర్తు పెట్టవలెను. కంబము మొదలునుండి ఆ గుర్తు వరకు గల దూరమే కంబపు ఎత్తు.

ఇందులో సిద్ధాంతము, విపర్యయము రెండును పనిచేయును. కఱ్ఱ, నీడ సమానములు, వాని నడిమి కోణము 90 డిగ్రీలు. కావున సూర్యకిరణము నేలతో చేయు కోణము 45 డిగ్రీలు. ఇది పొడవునుండి కోణమునకు పోవుట. కంబము వద్దను కిరణము అదే కోణము చేయును గనుక అక్కడి త్రిభుజములో కోణములు 45, 90, 45 డిగ్రీలు. కావున ఎత్తు, నీడ సమానములు. ఇది కోణమునుండి పొడవునకు తిరిగి వచ్చుట. గ్రీసు దేశపు థేలీసు ఈ విధముగనే ఈజిప్టు పిరమిడ్ల ఎత్తును కనుగొనెనని ప్రాచీన రచయితలు చెప్పిరి.

ఈ ప్రయోగమునకు ఆలూరు చాల అనుకూలమైన చోటు. అది ఉత్తర అక్షాంశము సుమారు 15.4 డిగ్రీలలో నున్నది. డిసెంబరు చివర, సూర్యుడు దక్షిణమునకు ఎక్కువగా ఒరిగిన దినమున కూడ అక్కడ మధ్యాహ్నము సూర్యుడు 51 డిగ్రీల ఎత్తునకు వచ్చును. అందుచేత ఏడాది పొడవున ప్రతిదినము, ఉదయమొకసారి, సాయంత్రమొకసారి సూర్యుడు 45 డిగ్రీల ఎత్తును దాటును. లండను నగరములో సెప్టెంబరు మధ్యనుండి మార్చి చివరి వరకు సూర్యుడు ఆ ఎత్తునకు రానే రాడు. అక్కడి విద్యార్థి ఈ ప్రయోగమునకు వేసవి కొఱకు కాచుకొని యుండవలెను. అయితే నీడ త్వరగా మారును. కఱ్ఱ వద్ద ఒకరు, కంబము వద్ద ఒకరు నిలిచి ఒకే క్షణమున గుర్తు పెట్టుట మంచిది. నేల చదునుగా నుండవలెను.

గుత్తి వద్ద కొలత

ఒక పొడవును కొలిచి, తక్కిన పనిని కోణములకు వదలుట అను సూత్రముపైననే దేశపటములు తయారైనవి. భారతదేశమున ఈ పని 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ప్రారంభించెను. సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖ నొకదానిని ఉక్కు గొలుసుతో అతి జాగ్రత్తగా కొలిచి, అక్కడినుండి గుట్టపైనుండి గుట్టకు చూచుచు, త్రిభుజముల గొలుసును దేశము పొడవున అల్లుచు పోయెను. కోణములు కొలిచిన థియోడొలైటు అను యంత్రము సుమారు అరటన్ను బరువుండెడిది. దానిని కొండలపైకి మోయించవలసి వచ్చెడిది.

ఇట్లు దక్షిణమునుండి వచ్చిన త్రిభుజముల గొలుసు రాయలసీమలో ప్రవేశించెను. ఆలూరునకు ఆగ్నేయముగా, అనంతపురము జిల్లాలో నున్న గుత్తి వద్ద లాంబ్టన్ 1811లో మరియొక ఆధారరేఖను కొలిచెను. త్రిభుజములనుండి లెక్కవేసి వచ్చిన పొడవు, నేలపై గొలుసుతో కొలిచిన పొడవు సరిపోవుచున్నవో లేవో చూచుటకు ఇట్టి రేఖలు ఉపయోగపడును. బాటపై 400 మీటర్లు అదనముగా నడచి చేయు పరీక్ష వంటిదే ఇది. 1823లో లాంబ్టన్ మరణించిన పిమ్మట జార్జి ఎవరెస్టు ఈ పనిని కొనసాగించెను. కన్యాకుమారి ప్రాంతమునుండి హిమాలయ పాదముల వరకు సుమారు 2400 కిలోమీటర్ల గొలుసు 1841 నాటికి పూర్తియయ్యెను.

వారి త్రిభుజములన్నియు సమద్విబాహు త్రిభుజములు కావు. అందుచేత వారు కోణముల జ్యా విలువలతో లెక్కింపవలసి వచ్చెను. కాని ప్రతి త్రిభుజమునందును మూడు కోణములను కొలిచి, మొత్తము 180 డిగ్రీలు వచ్చినదో లేదో చూచుట వారికి మొదటి పరీక్ష. భూమి గోళాకారముగా నుండుటచేత పెద్ద త్రిభుజములలో ఈ మొత్తము 180 కంటె రవ్వంత ఎక్కువ యుండును. సుమారు 200 చదరపు కిలోమీటర్ల వైశాల్యమునకు ఒక సెకండు, అనగా డిగ్రీలో 3600వ వంతు చొప్పున, ఈ అధికము వచ్చును. దానిని కూడ వారు లెక్కలోనికి తీసికొనిరి. బాటప్రక్క గుట్టకు ఈ చింత అక్కరలేదు.

కాగితముపై లెక్కలు

పొలములో ఉపయోగించిన ఈ రెండు సిద్ధాంతములే పరీక్షలోని లెక్కలకును చాలును. ఒక ఉదాహరణము: అబక త్రిభుజములో అబ = అక. అక భుజముపై డ అను బిందువు కలదు. అడ = డబ = బక. అ వద్ద కోణమెంత?

లెక్కలో ఒక్క కోణమైనను ఇయ్యబడలేదు. అయినను జవాబు వచ్చును. అ వద్ద కోణము య అనుకొనవలెను. అడ = డబ గనుక ∠అబడ కూడ య. ∠బడక అనునది అబడ త్రిభుజపు బాహ్యకోణము, అది 2య. డబ = బక గనుక ∠బకడ = 2య. అబ = అక గనుక ∠అబక కూడ 2య. మూడు కోణముల మొత్తము య + 2య + 2య = 5య = 180 డిగ్రీలు. కావున య = 36 డిగ్రీలు. క్రమ పంచభుజిలో రెండు కర్ణముల నడుమ ఒక భుజముతో ఏర్పడు త్రిభుజము ఇదియే.

రెండవ ఉదాహరణము ప్రపంచ ప్రసిద్ధమైనది. 1922లో ఇంగ్లండులోని "మాథమెటికల్ గెజెట్" పత్రికలో ఎడ్వర్డు లాంగ్లీ దీనిని ప్రకటించెను. అబక త్రిభుజములో అబ = అక; బ, క వద్ద కోణములు 80 డిగ్రీలు; అ వద్ద 20 డిగ్రీలు. క నుండి, కఅ భుజముతో 30 డిగ్రీలు చేయుచు గీసిన రేఖ అబ భుజమును ట వద్ద ఖండించును. బ నుండి, బఅ భుజముతో 20 డిగ్రీలు చేయుచు గీసిన రేఖ అక భుజమును చ వద్ద ఖండించును. ట, చ బిందువులను కలుపగా ∠బచట ఎంత?

చాలమంది కోణముల మొత్తముతోనే బయలుదేరుదురు. ∠చబక = 60, ∠టకబ = 50 అని తెలియును. వానినుండి ∠బచట, ∠కటచ రెండింటి మొత్తము 110 అని తేలును. కాని ఎవరి వాటా ఎంతయో తేలదు. ఎన్ని మారులు కూడినను, తీసినను లెక్క ఆ 110 వద్దనే తిరుగుచుండును. ఇందుకు కారణము కలదు. కోణముల మొత్తమను సిద్ధాంతమునకు ట, చ బిందువులు భుజములపై ఎంత దూరమున నున్నవో తెలియదు. ఆ దూరమును లెక్కలోనికి తెచ్చునది సమద్విబాహు త్రిభుజము.

బ నుండి, బక భుజముతో 20 డిగ్రీలు చేయుచు ఒక రేఖను గీయవలెను. అది అక భుజమును న వద్ద ఖండించును. ఇక వరుసగా చూడవలెను.

1. బనక త్రిభుజములో కోణములు 20, 80, కావున మూడవది 80. బన = బక.
2. బటక త్రిభుజములో కోణములు 80, 50, కావున మూడవది 50. బట = బక.
3. కావున బట = బన. వాని నడిమి ∠టబన = 80 - 20 = 60. బటన సమబాహు త్రిభుజము; టన = బన.
4. బనచ త్రిభుజములో ∠నబచ = 60 - 20 = 40. బచక త్రిభుజమునుండి ∠బచక = 180 - 60 - 80 = 40. కావున నచ = బన.
5. కావున నట = నచ. న వద్ద తిన్నని రేఖపై 80, 60 పోగా ∠టనచ = 40. నటచ త్రిభుజములో మిగిలిన కోణములు ఒక్కొక్కటి 70.
6. ∠బచట = 70 - 40 = 30 డిగ్రీలు.

ఐదు మెట్లలో ఐదు సమద్విబాహు త్రిభుజములు. అందులో ఒకటి సమబాహు త్రిభుజము. న బిందువు ఎట్లు తోచును? 80, 80 కోణములుగల త్రిభుజమును ఏర్పరచుటకు బ వద్ద 20 డిగ్రీలు కావలెను, అంతియే. లెక్క ఆగిపోయినప్పుడు "ఇక్కడ ఏ రేఖ గీసిన రెండు కోణములు సమానమగును?" అని ప్రశ్నించుకొనుట అలవాటైనచో, కొత్త రేఖ అదృష్టముచే దొరకునది కాదని తెలియును.

సామాన్యముగా జరుగు పొరపాట్లు

బొమ్మలో సమానముగా కనబడినంతమాత్రమున సమానమని తీసికొనరాదు. దీనిని నివారించుటకు ఉపాధ్యాయులు అప్పుడప్పుడు నల్లబల్లపై కావలెనని వంకర బొమ్మను గీసి, అదే ఋజువును దానిపై చేయించుట మంచిది. రెండవ పొరపాటు, సమాన కోణములకు ఎదురు భుజములను గాక ప్రక్క భుజములను సమానమనుట. ప, గ వద్ద కోణములు సమానమైనప్పుడు ఆ రెంటిని కలుపు పగ భుజము సమాన భుజములలోనిది కాదు. మూడవది, ఒక త్రిభుజములోని కోణమును మరియొక త్రిభుజములోని కోణముతో పోల్చి భుజములు సమానమనుట. విపర్యయము ఒకే త్రిభుజములోని రెండు కోణములకు మాత్రమే వర్తించును. ప్రతి మెట్టునందును త్రిభుజము పేరు ముందుగా వ్రాయించినచో ఈ పొరపాట్లు చాలవరకు తొలగును.

అభ్యాసములు

1. బాటపై గుట్ట 45 డిగ్రీలలో కనబడిన చోటినుండి 90 డిగ్రీలలో కనబడు చోటివరకు 650 మీటర్లు. గుట్ట బాటకు ఎంత దూరము? కారణము వ్రాయవలెను.

2. అబక త్రిభుజములో బక మధ్యబిందువు డ. డఅ = డబ = డక. అ వద్ద కోణము 90 డిగ్రీలని చూపవలెను. దీనిని బట్టి, మూడు మేకులతోను, ఒక త్రాటితోను నేలపై లంబకోణము వేయు పద్ధతిని చెప్పవలెను.

3. అబక త్రిభుజములో అబ = అక. బక భుజముపై డ అను బిందువు కలదు. బడ = డఅ; డక = కఅ. మూడు కోణములను కనుగొనవలెను.

(మొదటిదానికి జవాబు 650 మీటర్లు, మూడవదానికి అ వద్ద 108, బ, క వద్ద 36 డిగ్రీలు. రెండవదానికి అ వద్ద కోణమును రెండు ముక్కలుగా చూచిన ఋజువు దొరకును.)

మొదటి అభ్యాసమును కాగితముపై చేయించిన తరువాత ఉపాధ్యాయులు విద్యార్థులను ఒక సాయంకాలము ఊరి వెలుపలి బాటకు తీసికొనిపోయి, మూలమట్టములు చేతికిచ్చి, నలుగురైదుగురు చొప్పున జట్లుగా విభజించి, ఒకే గుట్ట దూరమును కొలిపించుట మేలు. జట్ల జవాబులలో తేడాలు వచ్చును. ఏ జట్టు ఏ కోణములతో కొలిచినదో, తేడా ఎందుకు వచ్చినదో అక్కడనే చర్చించినచో, విపర్యయమును మరల వల్లె వేయింపవలసిన పని యుండదు.